హై ప్రోటీన్ డైట్‌లో ఉండి కూడా రెండు కిలోలు పెరిగిన పేషెంట్: ఒక కేస్ స్టడీ

పేషెంట్ అనుమతితో రాస్తున్న కేసు ఇది. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. డైట్ లెక్కలు, రిపోర్టుల తీరు మార్చలేదు.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 46. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు 162 సెం.మీ., బరువు 88 కిలోలు, బీఎంఐ 33.5, నడుము చుట్టుకొలత 102 సెం.మీ. ఆరేళ్లుగా హైపోథైరాయిడిజం ఉంది, రోజూ 75 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ వేసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులున్నాయి. షుగర్ బోర్డర్‌లో ఉంది: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 6.1 శాతం, పరగడుపున గ్లూకోజ్ 112. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు) 190. గుడ్లు తింటారు, చేపలు అప్పుడప్పుడు. మాంసం పెద్దగా ఇష్టం లేదు.

డైట్ చార్ట్ కావాలని ఆమె రాలేదు. ఒక విధంగా ఫిర్యాదు చేయడానికే వచ్చారు. "నాలుగు నెలల నుంచి హై ప్రోటీన్ డైట్‌లోనే ఉన్నానండీ. తగ్గడం మాట అటుంచి రెండు కిలోలు పెరిగాను. నా ఒంటికి ప్రోటీన్ పడదేమో" అన్నారు.

ఈ మాట తరచూ వింటుంటాను. చాలాసార్లు తినే పద్ధతి అడిగితే కారణం దొరికిపోతుంది.

ఏం తింటున్నారో రాస్తే

మూడు రోజుల ఆహారం రాసి తెమ్మన్నాను. రెండు పనిరోజులు, ఒక సెలవు రోజు. అంతకుముందు తింటున్నదంతా దాదాపు అలాగే ఉంది. ఉదయం బ్రెడ్, జామ్, తీపి టీ. మధ్యాహ్నం కంచంలో అన్నమే ఎక్కువ, పప్పు, కూర తక్కువ. రాత్రి మాత్రం కాస్త తగ్గించారు. దీని మీద "ప్రోటీన్ కోసం" కొత్తగా చేర్చినవి నాలుగు: పొద్దున 30 గ్రాముల బాదం, పదకొండింటికి రెండు చీజ్ స్లైసులు, సాయంత్రం 50 గ్రాముల వేరుశనగ, రాత్రి భోజనానికి ముందు ఆకలేస్తే ఒక ప్రోటీన్ బార్.

ఈ నాలుగింటిలో కలిపి ప్రోటీన్ సుమారు 36 గ్రాములు, కేలరీలు సుమారు 820. ఆమెకు ప్రోటీన్ పడకపోవడం ఏమీ లేదు. 36 గ్రాముల ప్రోటీన్ కోసం దాదాపు రెండు భోజనాల కేలరీలు అదనంగా తీసుకున్నారు, అంతే.

రోజు మొత్తం లెక్క వేస్తే ప్రోటీన్ 78 గ్రాములు, కేలరీలు 2,150 దాకా తేలాయి. అది రాసినంత వరకే. రాసేటప్పుడు అందరం కొంత తక్కువే రాస్తాం కాబట్టి అసలు అంకె ఇంకా ఎక్కువే ఉండొచ్చు. మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం ప్రకారం ఆమె శరీరం ఊరికే పడుకుని ఉన్నా ఖర్చు చేసేది సుమారు 1,500 కేలరీలు. కూర్చుని చేసే పని కలుపుకుంటే 2,000కు కాస్త అటూఇటూ. రోజుకు వందా రెండొందల కేలరీలు మిగులుతుంటే నాలుగు నెలల్లో రెండు కిలోలు పెరగడంలో వింతేమీ లేదు.

ఇంకో సంగతి కూడా కనిపించింది. ప్రోటీన్ రోజంతా చిల్లర చిల్లరగా పడుతోంది. బ్రేక్‌ఫాస్ట్‌లో 7 గ్రాములు, మధ్యాహ్నం 15, రాత్రి 20, మిగతాదంతా చిరుతిళ్లలో. ఏ ఒక్క పూటా కడుపు నిండిన తృప్తినిచ్చేంత ప్రోటీన్ లేదు. సాయంత్రం ఐదింటికి చేతులు వణికేంత ఆకలి అని ఆమె చెప్పిన మాటకు ఇక్కడ ఆధారం దొరికింది.

20 గ్రాముల ప్రోటీన్ కోసం ఎన్ని కేలరీలు?

ఈ కేసులో ఎక్కువ సేపు మాట్లాడుకున్నది దీని గురించే. "ఫలానా దాంట్లో ప్రోటీన్ ఉంది" అన్న మాట అబద్ధం కాదు. ఆ మాట మీద ఆధారపడి బరువు తగ్గుదామనుకుంటేనే చిక్కు. వంద గ్రాముల వేరుశనగలో 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, నిజమే. 560కి పైగా కేలరీలు కూడా ఉంటాయి, ఎందుకంటే అందులో దాదాపు సగం నూనె. ఒక గ్రాము కొవ్వుకు 9 కేలరీలు, ఒక గ్రాము ప్రోటీన్‌కు 4.

అందుకే ఆమె ముందు లెక్కను తిప్పి రాశాను. ఒంటికి 20 గ్రాముల ప్రోటీన్ కావాలంటే దేని ద్వారా ఎన్ని కేలరీలు తినాలి? గుడ్డు తెల్లసొన అయితే సుమారు 95. చర్మం తీసి ఉడికించిన చికెన్ బ్రెస్ట్ అయితే 110 లోపే. కొవ్వు తీసిన సోయా చంక్స్ 135 దాకా. కొవ్వు తీసిన పాలు 200. పూర్తి గుడ్లు 240–250. ఉడికించిన పప్పుధాన్యాలు 250–260. చీజ్ 320. వేరుశనగ 450. బాదం 550.

చూడగానే ఆమె బాదం మానేస్తానన్నారు. మానక్కర్లేదన్నాను. బాదంలోని కొవ్వు మంచిదే, పీచు ఉంది, విటమిన్ ఇ ఉంది. రోజూ ఓ పది పలుకులు తినొచ్చు. అయితే ఆ పదీ కొవ్వు కోటాలో రాసుకోవాలి. ప్రోటీన్ కోటాలో రాసుకోకూడదు. పప్పుధాన్యాల సంగతి వేరు. కేలరీలు కాస్త ఎక్కువైనా ఆ 20 గ్రాములతో పాటే 17 గ్రాముల దాకా పీచు వస్తుంది. చికెన్‌లో, గుడ్డులో పీచు సున్నా. కాబట్టి ఈ వరుసలో పైనున్నదల్లా మంచిది, కిందున్నదల్లా చెడ్డది అనుకోవద్దు. ఏది దేనికి పనికొస్తుందో తెలిస్తే చాలు.

ప్రోటీన్ బార్ గురించి మాత్రం నాకు మొహమాటం లేదు. ఆమె తింటున్న దానిలో ప్రోటీన్ 10 గ్రాములు, కేలరీలు 230. కవర్ మీద ప్రోటీన్ అని రాసిన మిఠాయి అది.

మొదలుపెట్టే ముందు

ప్రోటీన్ పెంచబోయే ఎవరికైనా ముందు కిడ్నీలు చూస్తాను, బోర్డర్ షుగర్ ఉన్నవాళ్లకు తప్పనిసరిగా. ఈమె క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టి పంపే వ్యర్థం) 0.8, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు వడగట్టే వేగం అంచనా) 92, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి 11. యూరిక్ యాసిడ్ 5.4. అన్నీ బాగున్నాయి. క్రియాటినిన్ ఒక్కటే చూసి వదిలేయడం నాకు నచ్చదు. కిడ్నీ దెబ్బ తినడం మొదలైన కొత్తలో క్రియాటినిన్ మామూలుగానే ఉండి, మూత్రంలో ఆల్బుమిన్ మాత్రం పోతూ ఉండొచ్చు. ఆ నిష్పత్తి 30 దాటి ఉంటే ఈ ప్లాన్ ఇలా ఉండేది కాదు. కిడ్నీ జబ్బు ముదురుతున్నవాళ్లకు కిలో బరువుకు రోజూ 1.3 గ్రాములు మించిన ప్రోటీన్ వద్దని కేడీఐజీఓ అనే అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మూడో దశ నుంచి 0.8 దగ్గరే ఉంచమని సూచిస్తున్నాయి. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఈ భయం అక్కర్లేదు.

ఇక ఎంత ప్రోటీన్? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదికలో పెద్దవాళ్లకు కిలోకు 0.83 గ్రాములు సరిపోతాయని ఉంది. అది లోపం రాకుండా చూసే అంకె. తిండి తగ్గించి బరువు దించుతున్నప్పుడు కండ కూడా కరుగుతుంది. పోయిన బరువులో దాదాపు నాలుగో వంతు దాకా కొవ్వు కానిది ఉండొచ్చు. దాన్ని కాపాడుకోవాలంటే కిలోకు 1.2 నుంచి 1.6 దాకా ఇస్తాం. ఈ కిలోలు తూకంలో కనిపించే 88 కాదు. కొవ్వుకు పెద్దగా ప్రోటీన్ అక్కర్లేదు కాబట్టి, ఆమె ఎత్తుకు తగిన 60 కిలోలు తీసుకుని, పైనున్న 28లో పావు వంతు కలిపాను. 67 వచ్చింది. దాన్ని 1.4తో హెచ్చవేస్తే 94. రోజుకు 90 గ్రాములని ఖాయం చేశాం. కేలరీలు 1,500.

ఇక్కడ ఆమె ఒక్క క్షణం ఆగి, "అంటే ప్రోటీన్ 78 నుంచి 90కేనా?" అన్నారు. అవును, పెరిగింది 12 గ్రాములే. తగ్గింది 650 కేలరీలు. పేరు హై ప్రోటీన్ డైటే. పనంతా జరిగింది మాత్రం ఆ 12 గ్రాముల బయట.

బరువు లక్ష్యం మొదట ఏడు శాతం పెట్టాం, అంటే ఆరు కిలోల పైచిలుకు. దీనికో కారణం ఉంది. బోర్డర్ షుగర్ ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ 2002లో ఫలితాలు ప్రకటించింది. ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. ఇరవై కిలోలు తగ్గాలని కూర్చున్నవాళ్లు మూడో నెలలో నీరసపడిపోవడం చూస్తుంటాం. ఆరు కిలోలకే ఒంట్లో ఇంత మార్పు వస్తుందని తెలిస్తే మనిషికి ఓపిక పుడుతుంది.

ప్లాన్

బ్రేక్‌ఫాస్ట్ నుంచే మొదలుపెట్టాం. రెండు గుడ్లు, ఇంకో రెండింటి తెల్లసొన, ఒక బ్రెడ్ స్లైస్, గ్లాసు తక్కువ కొవ్వు పాలు. 29 గ్రాముల ప్రోటీన్, 360 కేలరీల లోపు. జామ్ పోయింది, టీలో చక్కెర సగమైంది. మధ్యాహ్నం ఉడికించిన పప్పుధాన్యాలు లేదా శనగలు ఒక పెద్ద కప్పు, కూరగాయలు దండిగా, పెరుగు, అన్నం ఇదివరకటిలో సగం. సాయంత్రం వడగట్టిన గట్టి పెరుగు వంద గ్రాములు. రాత్రి చేప, లేదంటే 45 గ్రాముల సోయా చంక్స్, కూరగాయలు, కొద్దిగా అన్నం. నూనె రోజుకు మూడు టీస్పూన్లు, కొలిచి.

పూటకు 25–30 గ్రాముల ప్రోటీన్ పడేలా చూడటంలో ఉద్దేశం రెండు. ఒకటి, కండ నిర్మాణాన్ని కదిలించే లూసిన్ అనే అమైనో ఆమ్లం ఒక్క పూటలో సుమారు రెండున్నర గ్రాములు అందుతుంది. రెండోది ఆకలి. నా అనుభవంలో ఈ రెండోదే ఎక్కువ పని చేస్తుంది. శరీరం తనకు కావలసిన ప్రోటీన్ అందేదాకా తింటూనే ఉంటుందని సింప్సన్, రౌబెన్‌హైమర్ అనే శాస్త్రవేత్తలు 2005లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మనుషుల్లో అది అన్ని సందర్భాల్లోనూ అంతే కచ్చితంగా నిలబడుతుందని నేననను గానీ, పొద్దున ప్రోటీన్ లేని తిండి తిన్నవాళ్లు సాయంత్రం డబ్బాలు వెతుక్కోవడం మాత్రం కళ్లారా చూస్తున్నదే.

ప్రోటీన్ అరిగించుకోవడానికే కేలరీలు ఖర్చవుతాయని ఆమె ఎక్కడో చదివారు. నిజమే. ప్రోటీన్ ఇచ్చే శక్తిలో 20–30 శాతం దాన్ని అరిగించుకోవడానికే పోతుంది, పిండి పదార్థాలకైతే 5–10 శాతం. కానీ 40 గ్రాముల పిండి పదార్థం తీసేసి 40 గ్రాముల ప్రోటీన్ పెట్టినా మిగిలేది రోజుకు పాతిక ముప్పై కేలరీలు. దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నాను.

దీంతో పాటు వారానికి రెండు రోజులు కండకు పని చెప్పే వ్యాయామం. మోకాళ్ల వల్ల కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు పుషప్స్, రబ్బరు బ్యాండ్‌తో లాగడం. మిగతా రోజుల్లో నడక. వ్యాయామం లేకుండా ఒట్టి ప్రోటీన్‌తో కండ నిలుస్తుందని ఎవరికీ హామీ ఇవ్వను.

మొదటి ఆరు వారాలు

రెండు వారాల్లో 86.6 కిలోలు. అందులో కొంత నీరే. ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న పిండి పదార్థం తగ్గినప్పుడు గ్రాముకు మూడు గ్రాముల చొప్పున నీరు కూడా పోతుంది. ఆ మాట ముందే చెప్పి ఉంచాను, లేకపోతే మూడో వారం నెమ్మదించగానే టెన్షన్ మొదలవుతుంది. ఆరో వారానికి 85.1. సాయంత్రం ఆకలి పోయిందని ఆమే చెప్పారు.

మధ్యలో మలబద్ధకం వచ్చింది. అన్నం బాగా తగ్గించే ఊపులో పప్పుధాన్యాలు, పండ్లు కూడా తగ్గించేశారు. పీచు రోజుకు 12 గ్రాములకు పడిపోయింది. రెండు పండ్లు, మధ్యాహ్నం కప్పు పప్పుధాన్యాలు మళ్లీ పెట్టి, నీళ్లు పెంచాక సర్దుకుంది.

బరువు ఆగిపోయిన చోటు

ఏడో వారం నుంచి పదకొండో వారం దాకా ముల్లు 85 దగ్గరే నిలబడింది. ఆమెకు మళ్లీ నీరసం, జుట్టు రాలడం, మలబద్ధకం. "తక్కువ తింటున్నా కదా, అందుకే నీరసం" అని సర్దిచెప్పుకున్నారు. తిండి తగ్గించిన మనిషిలో ఈ లక్షణాలు ఉండొచ్చు. థైరాయిడ్ ఉన్న మనిషిలో ఇవే లక్షణాలకు ఇంకో అర్థం కూడా ఉంటుంది. టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాం. థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే ఈ అంకె పెరుగుతుంది. మొదట్లో 2.6 ఉన్నది 7.9 అయింది. డోసు మారలేదు, మాత్ర ఒక్కరోజూ మానలేదు.

పొద్దున లేచిన దగ్గర నుంచి ఏం చేస్తారో గంట గంటకూ చెప్పమన్నాను. గుట్టు అక్కడ తెలిసింది. పాలు తాగితే కడుపు ఉబ్బరంగా ఉందని ఆమె సోయా పాలకు మారారు, కాల్షియం కలిపిన రకం. ఆఫీసుకు ఆలస్యం కాకుండా ఆ గ్లాసును లేవగానే తాగుతున్నారు. మాత్ర వేసుకున్న పది నిమిషాలకే. ఇదివరకు మాత్రకూ బ్రెడ్‌కూ మధ్య గంట ఉండేది.

లెవోథైరాక్సిన్ చాలా సున్నితమైన మందు. పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకుండా ఉంటేనే పేగు దాన్ని సరిగ్గా పీల్చుకుంటుంది. సోయా దానికి అడ్డు, కాల్షియం ఇంకా అడ్డు. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈమె గ్లాసులో సోయా, కాల్షియం రెండూ ఉన్నాయి.

ఆమె డాక్టరుతో మాట్లాడాం. డోసు పెంచకుండా ముందు టైమింగ్ సరిచేసి చూద్దామన్నారు. మాత్ర లేవగానే, సోయా పాలు సాయంత్రానికి, బ్రేక్‌ఫాస్ట్ గంట తర్వాత. పొద్దున పాలు లేని లోటుకు ఇంకో రెండు తెల్లసొనలు. ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ 3.1. డోసు అదే. ఒకవేళ అప్పుడే డోసు పెంచి ఉంటే, రేపు ఆమె సోయా పాలు మానేసిన రోజున మందు ఎక్కువై గుండె దడ మొదలయ్యే ప్రమాదం ఉండేది.

అయితే బరువు ఆగడానికి కారణమంతా థైరాయిడే అని ఆమెకు చెప్పలేదు. థైరాయిడ్ తగ్గినందువల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. అదే సమయంలో మళ్లీ మూడు రోజుల ఆహారం రాయిస్తే నూనె కొలత ఎప్పుడో పోయిందని తేలింది. మూడు టీస్పూన్లు మెల్లగా మూడు టేబుల్‌స్పూన్లయ్యాయి. ఒక టేబుల్‌స్పూన్ నూనె అంటే 120 కేలరీలు. దానికి తోడు బరువు తగ్గిన ఒంటికి ఖర్చూ తగ్గుతుంది. రెండూ కలిసి రోజూ మిగలాల్సిన 500 కేలరీల లోటును చాలా వరకు తినేశాయి. థైరాయిడ్ సరిచేసి నూనె వదిలేసి ఉంటే ముల్లు కదిలేది కాదనే నా అభిప్రాయం.

ఆరు నెలలకు

బరువు 80.3 కిలోలు. తగ్గింది 7.7, అంటే తొమ్మిది శాతానికి కాస్త తక్కువ. నడుము 93 సెం.మీ. హెచ్‌బీఏ1సీ 5.7. ఇది ఇంకా బోర్డర్ గీత మీదే, కాబట్టి షుగర్ భయం పోయిందని చెప్పలేదు. ట్రైగ్లిజరైడ్స్ 138. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం 128 నుంచి 124కు, అంటే పెద్దగా మారలేదు.

కండ సంగతి చూడటానికి ఒళ్లు తూచే ఎలక్ట్రిక్ మెషీన్ల అంకెల మీద నేను పెద్దగా ఆధారపడను. ఒంట్లో నీరు అటూఇటూ అయితే అవీ మారిపోతాయి. 30 సెకన్లలో చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెడతాను. మొదట్లో 11, ఇప్పుడు 15. చేతి పట్టు 22 కిలోల నుంచి 23.5కు వచ్చింది. దాదాపు ఎనిమిది కిలోలు తగ్గిన మనిషిలో బలం తగ్గకపోగా కొంచెం పెరిగింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా నచ్చిన ఫలితం ఇదే.

కిడ్నీ రిపోర్టు చేతికి రాగానే ఆమె కంగారుపడి ఫోన్ చేశారు. బ్లడ్ యూరియా 24 నుంచి 33కు పెరిగింది. ప్రోటీన్‌లోని నైట్రోజన్ బయటికి పోయేది యూరియాగానే. ప్రోటీన్ పెరిగి కేలరీలు తగ్గితే అది కొంత పెరుగుతుంది. 33 ఇంకా మామూలు హద్దులోనే ఉంది. క్రియాటినిన్ 0.8 దగ్గరే ఉంది, ఆల్బుమిన్ నిష్పత్తి 30 లోపే ఉంది. ఈ మూడూ కలిపి చూడాలి గానీ యూరియాను ఒంటరిగా చదివి ప్రోటీన్ ఆపేయక్కర్లేదని చెప్పాను. బ్లడ్ టెస్టుకు ముందు రోజు రాత్రి మాంసాహారం వద్దని కూడా చెబుతుంటాను. వండిన మాంసం తిన్నాక కొన్ని గంటల పాటు క్రియాటినిన్ నిజంగానే పెరిగి, లేని జబ్బు ఉన్నట్టు కనిపించొచ్చు.

ప్రోటీన్ పౌడర్ తీసుకోనా అని రెండుసార్లు అడిగారు. పాల నుంచి తీసే వే పౌడర్ ఒక స్కూప్‌లో 20–25 గ్రాములు, 120 కేలరీల లోపు. లెక్క ప్రకారం మంచి బేరమే. కానీ ఆమె 90 గ్రాములు తిండితోనే అందుకుంటున్నారు, పైగా నమలాల్సిన తిండి ఆకలిని ఎక్కువసేపు ఆపుతుంది. ప్రయాణాల్లో తిండి కుదరని రోజులకు మాత్రం ఒక డబ్బా ఉంచుకోమన్నాను, స్వతంత్ర ల్యాబ్‌లో పరీక్షించినదని ముద్ర ఉన్నదే కొనమని చెప్పి.

ఇప్పుడు

తొమ్మిదో నెలలో 81 కిలోలు. ముప్పావు కిలో దాకా పెరిగారు, నేను దాన్ని నిలకడగానే లెక్కేస్తున్నాను. కేలరీలు 1,700కు పెంచాం, ప్రోటీన్ లక్ష్యం 80–85 గ్రాములకు దించాం. అంతకన్నా ఎక్కువ తినే అవసరం ఇప్పుడు లేదు. వ్యాయామం రెండు రోజుల నుంచి మూడు రోజులకు పెంచాల్సి ఉంది, అది ఇంకా కుదరలేదు. మోకాళ్ల కోసం ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపాను. పన్నెండో నెలలో హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్, మూత్రంలో ఆల్బుమిన్ మళ్లీ చూస్తాం. మళ్లీ మూడు రోజుల ఆహారం కూడా రాయిస్తాం, నూనె కొలతతో సహా.